ఉద్యోగుల క్షేమం, వ్యాపారం: కోవిల్‌పట్టి – విరుదునగర్ ప్రాంతం

తమిళనాడు దక్షిణాన, తూత్తుకుడి జిల్లాలోని కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా ఉత్తరాన విరుదునగర్ దాకా ఉన్నది నల్లరేగడి మెట్ట సీమ. పడమటి కనుమల వెనుక వానచాటున పడ్డ నేల కావడంతో వర్షం తక్కువ, ఎండ ఎక్కువ. పత్తి, చిరుధాన్యాలు పండించుకునే ఈ సీమకు ఆ ఎండే వందేళ్ల కిందట కొత్త బతుకుతెరువు చూపింది. అగ్గిపుల్ల తలకు అద్దిన మందు, టపాకాయకు చుట్టిన కాగితం, అచ్చు వేసిన లేబులు ఇక్కడ త్వరగా ఆరుతాయి. యజమానికి కలిసొచ్చిన ఆ వాతావరణమే పనిచేసేవాళ్లకు కష్టమైంది. ఉద్యోగుల క్షేమం గురించి మాట్లాడాలంటే ఈ ప్రాంతంలో మొదలుపెట్టవలసింది ఇక్కడే.

దేశంలో చేతిపనితోనూ, సగం యంత్రాలతోనూ తయారయ్యే అగ్గిపెట్టెల్లో పెద్ద వాటా కోవిల్‌పట్టి, కళుగుమలై, ఎట్టయపురం, సాత్తూరు, శివకాశి చుట్టుపక్కల నుంచే వస్తుంది. బాణసంచాలో సింహభాగం శివకాశిది. వీటికి తోడు కోవిల్‌పట్టి, రాజపాళయం నూలు మిల్లులు, విరుదునగర్ దగ్గర సిమెంటు, ఊరూరా అచ్చు యంత్రాలు ఉన్నాయి. ఇక్కడి జనం అగ్గిపెట్టెల కర్మాగారాన్ని ‘తీప్పెట్టి ఆపీస్’ అంటారు, బాణసంచా కర్మాగారాన్ని ‘పట్టాసు ఆపీస్’ అంటారు. రేకుల కప్పు కింద నేల మీద కూర్చుని పెట్టెలు నింపే అమ్మాయి కూడా ‘ఆపీసుకు’ పోతున్నానే అంటుంది. నగరాల్లో ఆఫీసు అంటే గుర్తొచ్చే కుర్చీ, ఫ్యాను అక్కడ ఉంటాయని మాత్రం అనుకోకూడదు.

తెలుగు పాఠకులకు ఈ సీమ పరాయిది కాదు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలిన కమ్మవారు, రెడ్లు, రాజులు, కంబళత్తు నాయకర్ల వారసులు ఇక్కడి పల్లెల్లో ఉన్నారు. అరుంధతీయుల ఇళ్లలోనూ తెలుగు వినిపిస్తుంది. ఈ వలసను ‘గోపల్లపురం’ నవలల్లో చెప్పిన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్ వాడు. ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మిల్లు యజమానుల్లో తెలుగువాళ్లున్నారు, మిల్లు గేటు ముందు క్యూలో నిలబడేవాళ్లలోనూ ఉన్నారు.

క్షేమం అంటే ఏమిటి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిభాషలో పనిచోటు ఆరోగ్యానికి శరీర భద్రత, మానసిక స్థితి, వ్యక్తిగత ఆరోగ్య వసతులు, సమాజంతో సంబంధం అనే నాలుగు పార్శ్వాలున్నాయి. కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా 1200 కోట్ల పనిదినాలు, లక్ష కోట్ల డాలర్ల ఉత్పాదకత నష్టపోతున్నామని ఆ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2022లో చెప్పాయి. హైదరాబాదు, బెంగళూరు ఐటీ కంపెనీలు యోగా తరగతులు, కౌన్సెలింగ్ ఫోన్ నంబర్లు పెట్టేది ఇలాంటి లెక్కలు చూసుకునే.

సాత్తూరు దగ్గరి షెడ్డులో ఈ మాటకు అర్థం ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. సాయంత్రం ప్రాణాలతో ఇంటికి చేరడం, నడుము వాల్చడానికి కాస్త చోటు, తలుపున్న మరుగుదొడ్డి, చంటిపిల్లను పడుకోబెట్టే గది, చెప్పిన రోజున చెప్పినంత కూలి. ఇవి ఇస్తే వ్యాపారానికి మేలని ఇక్కడి యజమానులు ఏ మేనేజిమెంటు పుస్తకమో చదివి నేర్చుకోలేదు. సమ్మె, కోర్టు తీర్పు, విదేశీ కొనుగోలుదారు, కూలీల కొరత ఒకదాని తరువాత ఒకటి వచ్చి తలుపు తట్టాకే నేర్చుకున్నారు. కొందరికి ఆ పాఠం ఇప్పటికీ అందలేదు.

1908: కోరల్ మిల్లు

మొదట తలుపు తట్టింది సమ్మె. కోవిల్‌పట్టికి దక్షిణంగా, ఒట్టపిడారంలో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్ళె 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టిన సంగతి అందరికీ తెలుసు. తూత్తుకుడిలో హార్వే సోదరుల కోరల్ మిల్లు కార్మికుల చేత ఆయన, సుబ్రహ్మణ్య శివ కలిసి చేయించిన సమ్మె అంతగా తెలియదు. 1908 ఫిబ్రవరి 27న మొదలైన ఆ సమ్మెలో కార్మికులు కోరినవి కూలి పెంపు, వారానికి ఒకరోజు సెలవు. వారం దాటాక యాజమాన్యం దిగివచ్చింది. కూలి పెరిగింది, పనిగంటలు తగ్గాయి, ఆదివారం సెలవు దక్కింది. ఆ ఊపులో చుట్టుపక్కల ఇతర ఐరోపా కంపెనీల కార్మికులకూ కొంత మేలు జరిగింది. కొద్ది రోజులకే, మార్చి 12న చిదంబరం పిళ్ళెను అరెస్టు చేశారు.

ఆ సమ్మెను స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగానే చెబుతారు, అది న్యాయమే. వ్యాపార చరిత్రగా చదివినా అందులో ఒక విషయం ఉంది. ఆదివారం సెలవిస్తే మిల్లు మునిగిపోతుందన్న భయం అప్పటి యజమానుల్లో ఉండేది. సెలవు ఇచ్చాక కూడా హార్వే మిల్లులు దశాబ్దాల పాటు నడిచాయి.

అగ్గిపుల్ల కథ

1920ల మొదట్లో శివకాశి నుంచి పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. పెద్ద యంత్రాలు కొనే స్తోమత లేక పనిని ముక్కలు చేశారు. పుల్లలను చట్రంలో పేర్చడం ఒకరిది, మైనంలో, తరువాత మందులో ముంచడం మరొకరిది. పెట్టె అతకడం, పుల్లలు నింపడం, పక్కన ఎర్ర భాస్వరం పూయడం ఇంకొందరివి. కొన్ని పనులు ఇళ్లకూ వెళ్లాయి. ఎన్ని చట్రాలు పేరిస్తే అంత కూలి. స్వీడన్ కంపెనీ విమ్కో యంత్రాలతో పోటీపడి ఈ చేతిపని నిలబడటానికి కారణం తక్కువ కూలి, దానికి తోడు చేతిపనికి ప్రభుత్వం ఇచ్చిన ఎక్సైజు రాయితీ. యూనిట్లు చిన్నగా ఉంటేనే లాభం కాబట్టి అవి చిన్నగానే ఉండిపోయాయి. చిన్న యూనిట్లో క్యాంటీను, శిశుగృహం, సంక్షేమ అధికారి ఎక్కడి నుంచి వస్తారు?

అగ్గిపుల్లకూ కార్మికుల ఆరోగ్యానికీ ముడి ఇక్కడ పడింది కాదు. లండన్‌లో బ్రయంట్ అండ్ మే కర్మాగారంలో తెల్ల భాస్వరం ఆవిరికి ఆడపిల్లల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1888 జూన్‌లో ఆ దుస్థితి గురించి పత్రికలో రాసింది అనీ బిసెంట్. మదనపల్లె కళాశాల పేరుతో మనకు తెలిసిన ఆ బిసెంటే. జులైలో ఆ అమ్మాయిలు సమ్మె చేసి గెలిచారు. 1891లో సాల్వేషన్ ఆర్మీ ఎర్ర భాస్వరంతో, మెరుగైన కూలితో పోటీ కర్మాగారం తెరిచింది. 1901కి బ్రయంట్ అండ్ మే కూడా తెల్ల భాస్వరం వదిలేసింది. భారతదేశంలో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లల నిషేధ చట్టం 1913లో వచ్చింది. అంటే శివకాశి పరిశ్రమ పుట్టేనాటికే ఆ దవడ రోగం బెడద తొలగిపోయింది. తరువాత వచ్చిన బెడద వేరే రకం, అది పిల్లల పని.

చిన్న వేళ్లకు పుల్లలు పేర్చడం సులువన్న మాట దశాబ్దాల పాటు చెలామణి అయింది. తెల్లవారకముందే పల్లెలకు బస్సులు వెళ్లి పిల్లలను ఎక్కించుకొచ్చేవి. 1983లో స్మితు కొఠారీ ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాసిన వ్యాసం శివకాశిని దేశం ముందు నిలబెట్టింది. 1986లో బాలకార్మిక చట్టం, 1988లో జాతీయ బాలకార్మిక పథకం వచ్చాయి. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, ప్రమాదకర పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకు యజమాని 20,000 రూపాయలు పునరావాస నిధికి కట్టాలని, ఆ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ప్రభుత్వం పని చూపాలని ఆదేశించింది. చూపలేని చోట ప్రభుత్వం 5,000 రూపాయలు వేయాలంది.

పిల్లలు లేకపోతే పరిశ్రమే లేదని వాదించినవాళ్లున్నారు. పిల్లలు బడికి వెళ్లారు, పరిశ్రమ ఉంది. పుల్లలు పేర్చే పని యంత్రాలకు పోయింది, ముంచే పని, పెట్టెలు నింపే పని కూడా చాలాచోట్ల యంత్రాలకు వెళ్లాయి. చవక కూలీ దొరికినంత కాలం ఆ యంత్రాలు కొనాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఉద్యోగుల క్షేమం ఖర్చు అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. పిల్లల పని చవక అన్న లెక్కలో, యంత్రాలు కొనకుండా పోగొట్టుకున్న ఏళ్ల ఖరీదును ఎవరూ కలపలేదు.

ఇందులో కోర్టుల పాత్ర ఎంతో, అన్నం పాత్ర అంతకు తక్కువ కాదు. విరుదునగర్‌లో 1903లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా 1956లో బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది ఎట్టయపురంలో, అగ్గిపెట్టెల సీమ నడిబొడ్డున. 1982లో ఎం.జి. రామచంద్రన్ దాన్ని పెద్ద పథకం చేశారు. ఇంట్లో తిండికి పిల్ల కూలి అవసరమైన చోట, బడిలో పెట్టిన పూట అన్నం ఆపీసుకు నేరుగా పోటీ అయింది.

ఒక్క మాట విరుదునగర్ నాడార్ వర్తకుల గురించి. సరుకు మీద ‘మహిమై’ పేరుతో ఉమ్మడి నిధి తీసి, దానితో బడులు, మండపాలు కట్టుకున్న అలవాటు వాళ్లది. కామరాజ్ చదివిన క్షత్రియ విద్యాశాల అలాంటి సమష్టి శ్రద్ధకు గుర్తు. ఆ ఔదార్యంలో లోటు లేదు. అయితే లాభం ఊరికి బడిగా తిరిగొచ్చినంత సులువుగా పనిచేసేవాళ్లకు కూలిగా తిరిగి రాలేదు. తెలుగు మిల్లు యజమానులకూ ఇదే వర్తిస్తుంది.

మిల్లులు

రాజపాళయం రాజులు తెలుగువాళ్లు. వాళ్లలో పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రి. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్లు పెట్టారు. 1960ల మొదట్లో విరుదునగర్ దగ్గర తుళుక్కపట్టిలో సిమెంటు కర్మాగారం నడక మొదలుపెట్టింది. ఆయన పేరు మీదే ఆ చోటు రామసామిరాజా నగర్, నోటి వాడుకలో ఆర్.ఆర్. నగర్ అయింది. కోయంబత్తూరులో 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు కూడా తెలుగువాడే. ఆ సంస్థకు కోవిల్‌పట్టిలోనూ మిల్లు ఉంది. ఆయన జ్ఞాపకార్థం కోయంబత్తూరులో 1952లో ఆసుపత్రి వెలిసింది.

ఆ తరం యజమానులది ఇంటిపెద్ద పోకడ. కాలనీ, బడి, ఆసుపత్రి, పండక్కి బోనసు ఇచ్చేవారు, బదులుగా విధేయత కోరేవారు. దాన్ని వెక్కిరించడం తేలిక. పక్కా ఇల్లు, నీళ్ల కొళాయి ఉన్న కార్మికుడు మిల్లును వదిలి పోడన్నది వాళ్లు అనుభవంతో గ్రహించిన సత్యం. నూలు వడకడం చేయి తిరగవలసిన పని. తెగిన పోగును క్షణంలో ముడివేసే మనిషి వెళ్లిపోతే కొత్తమనిషికి నేర్పడానికి నెలలు పడుతుంది.

1990ల తరువాత తమిళనాడు నూలు మిల్లుల్లో పోకడ మారింది. పెళ్లికాని అమ్మాయిలను దూరపు పల్లెల నుంచి తెచ్చి, హాస్టల్లో పెట్టి, మూడేళ్లు పనిచేస్తే చివర్లో మొత్తంగా సొమ్ము ఇస్తామనే ‘సుమంగళి’ పద్ధతి వచ్చింది. కట్నానికి పనికొస్తుందని తల్లిదండ్రులు ఒప్పుకునేవారు. మధ్యలో జబ్బుపడి ఇంటికి పోతే ఆ సొమ్ము దక్కదు. 2011లో, మళ్లీ 2014లో నెదర్లాండ్స్ సంస్థలు ఈ పద్ధతి మీద నివేదికలు తెచ్చాక ఐరోపా, అమెరికా బట్టల బ్రాండ్లు ఇబ్బంది పడ్డాయి. అప్పుడు మిల్లుల తనిఖీలు, ప్రశ్నపత్రాలు, హాస్టళ్ల కొలతలు మొదలయ్యాయి. కార్మికురాలి క్షేమం ఎగుమతి పత్రాల్లో ఒక గడి అయింది. ఆ గడి ఎలా నింపుతున్నారన్నది వేరే చర్చ, కానీ అది నింపకపోతే ఆర్డరు రాదు. విరుదునగర్ జిల్లా ఇ. కుమారలింగపురంలో 1,052 ఎకరాల్లో పి.ఎం. మిత్ర జౌళి పార్కు రానున్న వేళ ఈ గడి ఇంకా బరువెక్కుతుంది.

బాణసంచా: క్షేమం లెక్క తప్పితే

2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో జరిగిన పేలుడులో 40 మంది దాకా చనిపోయారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో ఇరవై మందికి పైగా పోయారు. 2025 జులై 1న చిన్నకామన్‌పట్టిలో మరొకటి. ఈ సీమ బయటా ఇదే కథ. ఆ ముందురోజే తెలంగాణలో పాశమైలారం మందుల కర్మాగారం పేలింది. అదే ఏడాది ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో ఎనిమిది మంది మరణించారు.

విచారణల్లో మళ్లీ మళ్లీ వినిపించే కారణాలు కొన్నే. లైసెన్సు ఒకరిది, నడిపేది ఉపగుత్తకు తీసుకున్న మరొకరు. షెడ్డులో నలుగురు ఉండవలసిన చోట అంతకు మించి కూర్చుంటారు. నిన్న కలిపిన మందు మిగిలితే పొద్దున్నే దాన్ని కదిలిస్తారు. దీపావళి ముంచుకొస్తుంటే చెట్టు కింద కూడా పని నడుస్తుంది. వీటన్నిటి వెనుక లెక్కకు కూలి అనే పద్ధతి ఉంది. ఎన్ని చుడితే అంత అన్నప్పుడు చేయి తొందరపడుతుంది, ఆ తొందరే రాపిడి పుట్టిస్తుంది. ముందుగా తీసుకున్న బయానా తీరలేదు కాబట్టి భయమేసినా పని మానడానికి లేదు.

ఇక్కడ క్షేమం, వ్యాపారం వేరువేరు పద్దులుగా ఉండవు. పేలిన యూనిట్ లైసెన్సు ఆగిపోతుంది, యజమాని జైలుకు పోతాడు, తనిఖీల జోరుకు పక్క యూనిట్లూ మూతపడతాయి. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు బేరియం లవణాలను, సరాల టపాకాయలను నిషేధించి హరిత బాణసంచా మాత్రమే అన్నప్పుడు శివకాశి యూనిట్లు నెలల తరబడి తలుపులు మూశాయి. ఆ నెలల్లో కూలీలకు పని లేదు. అప్పులు పెరిగాయి, కొందరు వేరే పనులకు తరలిపోయారు. తెరిచాక వాళ్లందరూ తిరిగి రాలేదు.

రాకపోవడానికి దారులు తెరుచుకుని ఉన్నాయి. ఉపాధి హామీ పథకంలో ఊళ్లోనే పని, మిల్లు వ్యాను గుమ్మం దాకా రావడం, తిరుప్పూరులో బనియన్ల కుట్టుపని. ఒకప్పుడు పిల్లల కోసం తిరిగిన వాహనాలు ఇప్పుడు పెద్దవాళ్ల కోసం పోటీపడి తిరుగుతున్నాయి. ఉచిత రవాణా, పండగ బోనసు, ముందస్తు సొమ్ము ఇవ్వని యూనిట్‌కు మనిషి దొరకడం కష్టం. ముందిచ్చిన సొమ్ముతోనే కార్మికురాలిని కట్టిపడేసే బయానాను క్షేమం అనవచ్చా అన్నది వేరే ప్రశ్న.

పరిశోధన ఏమంటోంది

ఈ ప్రాంతానికి దగ్గరగా వర్తించే అధ్యయనాలు మూడున్నాయి. ఒడిశాలో విస్తరాకులు కుట్టే కార్మికులకు కూలిలో కొంత ముందుగా చేతికి ఇచ్చి చూశారు. కూలి రేటు మారలేదు, ఎంత కుడితే అంతే. అయినా సగటు ఉత్పత్తి 7 శాతం దాకా పెరిగింది, తప్పులూ తగ్గాయి. ఇంట్లో బియ్యం ఉందా, అప్పు ఎలా తీరుతుంది అనే బెంగ తగ్గితే చేయి నిలకడగా ఆడుతుందన్నమాట. అగ్గిపెట్టెల పనీ సరిగ్గా అలాంటి చేతిపనే. తప్పు జరిగితే మంట లేస్తుంది కాబట్టి ఇక్కడ ఆ నిలకడకు ఇంకా విలువ.

ఇ. సోమనాథన్ బృందం 2021లో ప్రచురించిన పరిశీలనలో ఏడాది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే భారతీయ కర్మాగారాల ఉత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతుందని తేలింది. చేసే పని నెమ్మదించడం, రావలసినవాళ్లు రాకపోవడం రెండూ కారణాలే. బెంగళూరు బట్టల కర్మాగారాల్లో కరెంటు ఆదా కోసం ఎల్‌ఇడి దీపాలు పెడితే గదిలో వేడి తగ్గి, ఎండరోజుల్లో ఉత్పత్తి పెరిగింది. యజమాని కరెంటు బిల్లు కోసం చేసిన పని కుట్టేవాళ్లకు చల్లదనం ఇచ్చింది, ఆ చల్లదనం మళ్లీ లాభంగా తిరిగొచ్చింది. విరుదునగర్ వేసవి చూసినవాళ్లకు దీని వివరణ అక్కర్లేదు.

చట్టం

1948 కర్మాగారాల చట్టం ప్రకారం 250 మంది దాటితే క్యాంటీను, 150 దాటితే విశ్రాంతి గది, 30 మంది ఆడవాళ్లు దాటితే శిశుగృహం, 500 మందికి సంక్షేమ అధికారి ఉండవలసి ఉండేది. ఇ.ఎస్.ఐ. చందా 2019 జులై నుంచి యజమానికి 3.25, కార్మికుడికి 0.75 శాతం. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు అది వర్తిస్తుంది. శివకాశిలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. రాష్ట్ర శాసనాల్లో రెండు గుర్తుంచుకోదగినవి. 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చారు. 2023 ఏప్రిల్‌లో 12 గంటల పనికి దారి తీసే సవరణ చేసి, కార్మిక సంఘాలు ఎదురుతిరిగితే మే 1న వెనక్కి తీసుకున్నారు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ కొన్ని మెట్లు దించింది. క్యాంటీను 100 మందికే, సంక్షేమ అధికారి 250 మందికే తప్పనిసరి అయ్యారు. శిశుగృహానికి మాత్రం ఆడవాళ్ల లెక్క పోయి, ఆడా మగా కలిపి 50 మంది దాటాలన్న లెక్క వచ్చింది. ‘కర్మాగారం’ అన్న నిర్వచనాన్నీ పైకి జరిపింది. విద్యుత్తుతో నడిచేదైతే 10 మంది స్థానంలో 20 మంది, విద్యుత్తు లేనిదైతే 20 స్థానంలో 40 మంది ఉండాలి. పది మంది దాటిన సంస్థగా కొన్ని సాధారణ నియమాలు వర్తించినా, రేకుల షెడ్డులో 35 మంది ఆడవాళ్లు చేత్తో అగ్గిపెట్టెలు నింపే చోటు పాత చట్టం కింద కర్మాగారం, కొత్త కోడ్ కింద కాదు. ఊళ్లో వాడుక మాత్రం మారలేదు, అది ‘ఆపీసే’.